బడియు చదువును



నేటి నా ప్రసంగవిషయము బడియు, చదువును. ఈ రెండు మాటలను మనము ఒకే అర్థమున వాడుచుందుము. "మీవాడు ఏమి చదువుచున్నాడు?" అని అడిగినచో "ఏడవ తరగతి" అని ఉత్తరము వచ్చును. అడిగినది చదువును గూర్చి. చెప్పినది వాడు కూర్చుండు గదిని గూర్చి. ముప్పది నాలుగేండ్లు తెలుగు పండితుడనై పాఠములు చెప్పిన నేను సయితము చిరకాలము ఈ భేదమును గుర్తింపలేదు. నేను గుర్తించుటకు ఒక పిల్లవాడు నష్టపోవలసి వచ్చినది. ఆ కథ చెప్పుటకే నేడు మీ ముందుకు వచ్చితిని.

బడి యుండియు చదువు లేకపోవుట నిన్న నేడు పుట్టిన తెగులు కాదు. 1822లో మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో తన యేలుబడిలోని జిల్లాలలో బడులెన్ని, పిల్లలెందరు, వారు చదువునదేమి అని కలెక్టరుల నడిగెను. బళ్ళారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ 1823లో సమాధానము వ్రాసెను. ఆయన 1816లో తెలుగు వ్యాకరణమును ప్రకటించిన విద్వాంసుడు. ఆ జిల్లాలో 533 బడులును, 6,641 మంది విద్యార్థులును ఉన్నట్లు ఆయన లెక్క. పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దు పద్ధతిని ఆయన వర్ణించెను. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పు ఏర్పాటును మెచ్చుకొని, ఇంగ్లండువారు దానిని అనుకరించుట తగియే యున్నదనెను. కాని ఒక పెద్ద లోపమును కూడ చూపెను. పిల్లలు వల్లించు గ్రంథములు పద్యములు. అందలి భాష వారు మాటలాడు భాష కాదు. కావున ధారాళముగ చదువుదురే కాని అర్థ మెరుగరని ఆయన అభిప్రాయము.

అప్పటికిని ఇప్పటికిని రెండువందల యేండ్లు. ఇసుక పోయి పలక వచ్చినది. వీధిబడి పోయి సర్కారుబడి వచ్చినది. ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు గల బిడ్డలకు ఉచిత నిర్బంధ విద్య హక్కని 2009లో చట్టము చేసికొంటిమి. చాల మంచి పని. 2022లో గ్రామసీమలలో ఇంటింట తిరిగి పిల్లల చదువును పరీక్షించిన ‘అసర్’ నివేదిక ప్రకారము, ఆ వయసు బిడ్డలలో దేశము మొత్తమున నూటికి 98 మందికి పైగా బడిలో పేరు గలవారే. కాని మన ఆంధ్రప్రదేశమున మూడవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలిగినవారు నూటికి పదిమంది! మహమ్మారి వచ్చి బడులు మూతపడెను గదా యందురా? అది వట్టి సాకు కాదు, ఒక కారణమే. అయినను మహమ్మారికి ముందు, 2018లోనే, అట్లు చదువగలిగినవారు నూటికి ఇరువదిముగ్గురకు మించలేదు. బిడ్డ బడిలో ప్రవేశించెను. చదువు మాత్రము బిడ్డలో ప్రవేశింపలేదు.

ఇక నా కథ. 1988లో నేను కొల్లేటి గట్టున నొక యూర పనిచేయుచుంటిని. ఆరవ తరగతిలో చేపలు పట్టువారి బిడ్డ యొకడుండెను. పద్యము చదువుమన్న తల వంచుకొనును. సంధి విడదీయుమన్న నోరు మెదపడు. లెక్కల మాస్టారు వానికి భిన్నములు రావని చెప్పుచుండెడివారు. వాడు తప్పు లేకుండ వ్రాయగలిగినది తన పేరొక్కటే. అది నేను చేయిపట్టి దిద్దించినది. అర్ధసంవత్సర పరీక్షలైన పిమ్మట వాని తండ్రిని పిలిపించితిని. "నీ కొడుకునకు చదువు రాదు. పనిలో పెట్టుకొనుట మేలు" అంటిని. ఆయన కొంతసేపు నిలుచుండి, "ఇంకో ఏడాది చూడమంటారా మాస్టారండీ?" అనెను. "నీ యిష్టము" అంటిని. ఆ యిష్టమునకు ఏమి బలముండును? మరునాటి నుండి వాడు బడికి రాలేదు.

ఫాల్గుణమున కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు పోవలసి, తాటిదోనె యెక్కితిని. గడ వేయువాడు ఆ పిల్లవాడే. దారిలో వాడు దోసెడు నీరు నోట పోసికొని ఉమ్మి, "ఉప్పుటేరు ఎగదన్నుతోందండి" అనెను. సముద్రపుటుప్పు ఎంతవరకు వచ్చినదో నాలుకతో కొలిచెనన్నమాట. కొర్రమీను ఏ నాచులో దాగునో, గూడబాతులు ఎపుడు వచ్చి ఎపుడు పోవునో, ఏ గాలికి దోనెను ఏ మడుగున దాచుకొనవలెనో చెప్పుచు వచ్చెను. నలుగురు కలిసి పట్టిన చేపలలో దోనెకొక వంతు, వలకొక వంతు తీసి, మిగిలినది మనిషికెంత పడునో నేను అడిగిన వెంటనే నోటిలెక్కగా చెప్పెను. బడిలో రాని భిన్నములు దోనెలో వచ్చినవి! నేను నవ్వుకొని, "వీడు గడుసువాడే" యనుకొంటిని. అదియు చదువేనని నాకు తోచలేదు. తోచినను ఆలస్యము కాలేదు. మరునాడే వానిని తిరిగి పిలువవచ్చును. పిలువలేదు.

తరువాత నేను మా ద్వారకా తిరుమల ప్రాంతమునకు బదిలీయై వచ్చితిని. 2001 వైశాఖమున స్వామివారి కల్యాణోత్సవమునకు భార్యను, చంటిబిడ్డను వెంటబెట్టుకొని వాడు కొండకు వచ్చెను. నన్ను గుర్తుపట్టి, మండపము మూలకు తీసికొనిపోయి, సంచిలో నుండి ఒక కాగితము తీసి, "ఇందులో ఏముందో చదివి చెప్పండి మాస్టారండీ" అనెను. అది చేపల చెరువులో వాని వంతును గూర్చిన కౌలు కాగితము. ఒక్క యేటికే యని నోటిమాట. కాగితమున ఉన్నది ఐదేండ్లు. సొమ్ము ఒక యేటిదే ముట్టినది. తక్కిన నాలుగేండ్లదియు ముట్టినట్లే అందు వ్రాసియున్నది.

"ఈ సంతకము?" అని అడిగితిని.

"నాదేనండి. మీరు నేర్పిందే" అనెను.

ఆ మాటలో నిష్ఠూరము లేదు. ఉన్నచో నేను ఓర్చుకొనగలిగియుందును. చదువుటకు అక్కరకు రాని అక్షరములు నాలుగు, మోసపోవుటకు అక్కరకు వచ్చినవి. ఆ ఐదేండ్లు ముగియు నాటికి, 2006లో, కొల్లేట ఐదవ కాంటూరు లోపలి చెరువుల గట్లను ప్రభుత్వము కొట్టించెను. ఆ చెరువు మరల వాని చేతికి రానేలేదు.

ఆ రాత్రి నాకు నిదుర పట్టలేదు. నేను చేసిన తప్పులు రెండు. వానికి తెలిసినది చదువని గుర్తింపకపోవుట మొదటిది. ఆ తెలిసినదానిని మెట్టుగా చేసికొని తెలియనిదానిని నేర్పకపోవుట రెండవది. కొందరు "బడి యెందులకు? లోకమే బడి" యందురు. శ్రోతలారా, ఆ మాట చదువుకొన్నవారి నోటనే వచ్చును. కాగితము చదువలేక ఐదేండ్ల ఫలమును పోగొట్టుకొన్నవాని నోట రాదు.

నేను బాల్యమున గురుముఖమున విన్న ఛాందోగ్యోపనిషత్కథ నాకప్పుడు గాని అర్థము కాలేదు. సత్యకాముడు హారిద్రుమత గౌతముని చేరి విద్య యర్థించెను. గురువు బక్కచిక్కిన ఆవులను నాలుగువందల నప్పగించి మేపుమనెను. అవి వేయి యగువరకు తిరిగి రానని శిష్యుడు అడవికి పోయెను. అక్కడ వానికి వృషభము ఒక పాదమును, అగ్ని ఒక పాదమును, హంస ఒక పాదమును, మద్గువను నీటిపక్షి ఒక పాదమును ఉపదేశించినవి. మద్గువన నీట మునుగు పక్షి. కొల్లేట గుంజమీద రెక్కలు ఆరబెట్టుకొను నీటికాకిని చూచినపుడెల్ల నాకు ఆ గురువే స్ఫురించును. శిష్యుడు తిరిగి రాగా గౌతముడు వాని ముఖము చూచి, తెలిసినవానివలె వెలుగుచున్నావు, నీకెవరు బోధించిరని అడిగెను. మనుష్యులు కారని చెప్పి, అయినను తమ నోట వినగోరుచున్నానని సత్యకాముడు ప్రార్థించెను. గురువు ఏమియు లోపము లేకుండ దానినే బోధించెను. అడవిలో నేర్చినదానిని గురువు త్రోసిపుచ్చలేదు. ఆశ్రమముతో పనిలేదని శిష్యుడు అనలేదు. ఆ గురువు శిష్యుని ముఖము చూచెను. నేను జవాబుకాగితము చూచితిని. అంతే భేదము.

ఉపనిషత్తుల కాలము వేరందురేమో. మనకు దగ్గరి కాలముననే గిడుగు వేంకట రామమూర్తిగారు (1863–1940) ఉండిరి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై, కొండలలోని సవరల బిడ్డలకు చదువు చెప్పదలచి, మొదట తామే సవరభాషను నేర్చుకొనిరి. ఆ భాషలో పుస్తకములు వ్రాసిరి. వారికి బడులు పెట్టించిరి. బిడ్డకు నేర్పబోవువాడు ముందు బిడ్డ దగ్గర నేర్చుకొనెను. నేను గ్రాంథికమున మాటలాడుచు, గ్రాంథికముతో జీవితమంతయు పోరాడిన ఆ మహనీయుని కొనియాడుట చూచి మీరు నవ్వవచ్చును. నవ్వుడు. కాని బడి తలుపు బిడ్డ యింటివైపునకు తెరచుకొనవలెనని ఆయన చూపిన మార్గమునకు భాషావాదము అడ్డు రాదు.

మా ఆలయమున ఒకే గర్భగృహమున ఇద్దరు మూలమూర్తులు కలరు. ద్వారక మహర్షి తపస్సునకు పుట్టలో స్వయముగ వెలసిన మూర్తి వక్షఃస్థలము వరకే కానవచ్చును; పాదములు కానరావు. పాదసేవ లేని కొరత తీర్చుటకు వెనుక నిండుమూర్తిని రామానుజాచార్యులవారు ప్రతిష్ఠించిరని స్థలకథ. మొదటివారికి వైశాఖమునను, రెండవవారికి ఆశ్వయుజమునను కల్యాణము. బిడ్డలోని జిజ్ఞాస స్వయంభువు. మనము పెట్టినది కాదు. బడి మనము ప్రతిష్ఠించినది. పట్టుకొనుటకు పాదములు చూపునది. పాదములు చూపని బడి యెందులకు? పుట్టలోని దేవుని మరచిన ప్రతిష్ఠ యెందులకు?

కావున ఉపాధ్యాయ సోదరులకు నా మనవి. ఏ బిడ్డ పేరెదుటనైనను "రాదు" అని వ్రాయుటకు ముందు, ఆ బిడ్డకు ఏమి వచ్చునో ఒక్క పంక్తి వ్రాయుడు. ఆ పంక్తి వ్రాయలేనిచో మనకు ఇంకను ఆ బిడ్డ తెలియదన్నమాట. తల్లిదండ్రులకు నేను చెప్పదగినది లేదు. ఆ పిల్లవాడే చెప్పినాడు. 2008లో మరల ఉత్సవమునకు వచ్చినప్పుడు వాని కూతురును నా యెదుట నిలిపెను. బడినుండి రాగానే అంగడి పొట్లము కాగితమైనను ఆమె చేతికిచ్చి, "చదవమ్మా, అర్థం చెప్పు" అని ప్రతిదినము వినునట. పాఠపుస్తకమెందుకు ఇయ్యవని అడిగితిని. "అది బట్టీ వచ్చేస్తదండి. కొత్త కాగితం అయితే చదువొచ్చిందో లేదో తెలుస్తది" అనెను.

ముప్పది నాలుగేండ్లలో నేను పెట్టిన పరీక్షలలో ఇంతటి పరీక్ష యొకటియు లేదు. చదువు రాదని నేను పంపివేసినవాడు నాకు చెప్పిన పాఠమిది. నేడు సాయంకాలము మీ యింట కూడ ఒక కాగితము తీసి బిడ్డ చేతికిండు.