వజ్రాకృతి కవిత – మన పిల్లల తెలుగు
(సంఘ సమావేశమున గావించిన ప్రసంగ పాఠము)



మన పిల్లలకు తెలుగు వచ్చునా యని యెవరైన నడిగినచో, "ఇంట మాటలాడుదురు, వ్రాయుట మాత్రము రాదు" అని మనలో చాలమంది బదులు చెప్పుచున్నాము. హోసూరు ప్రాంతమున ప్రతి ఆదివారము నేను నడుపు చిన్న తరగతియందును మొదట ఇదియే స్థితి. పిల్లలకు అక్షరములు వచ్చును, గుణింతములు వచ్చును. "వానాకాలమును గుఱించి అయిదు వాక్యములు వ్రాయుడు" అనినంతనే పెన్సిలు పట్టుకొని గోడవైపు చూచుచు కూర్చుందురు. ఆ స్థితిని మార్చిన యొక చిన్న పద్ధతిని నేడు మీకు విన్నవింతును.

దీనికి మేము వజ్రాకృతి కవిత యని పేరు పెట్టుకొంటిమి. 1969లో అమెరికా దేశమునందు ఐరిస్ టీడ్ట్ అను విద్యావేత్త దీనిని కల్పించినారు. ఇందు 7 పంక్తులు, 16 పదములు. మొదటి పంక్తిలో ఒక వస్తువు పేరు. రెండవదానిలో దాని గుణములు రెండు. మూడవదానిలో దాని పనులు మూడు. నాలుగవ పంక్తిలో నాలుగు పేర్లు: రెండు మొదటి వస్తువునకు చెందినవి, రెండు దానికి ప్రతియైన వస్తువునకు చెందినవి. అటుపిమ్మట ఆ రెండవ వస్తువు యొక్క పనులు మూడు, గుణములు రెండు, కట్టకడపట దాని పేరు. పంక్తులను కాగితము నడుమకు చేర్చి వ్రాసినచో వజ్రము రూపు కనబడును.

ఆకృతికి లోబడిన కవిత మనకు క్రొత్త కాదు. మన చిత్రకవిత్వమున పద్మబంధము, చక్రబంధము, నాగబంధము మొదలగునవి కలవు. కాని వానికి ఛందోజ్ఞానము కావలెను. దీనికి యతిప్రాసలతో పనిలేదు. నామవాచకము, విశేషణము, క్రియ అను భేదము తెలిసిన చాలును. పనులు చెప్పు పంక్తులలో ఆంగ్లమున వాడు క్రియారూపమునకు బదులుగా మన శత్రర్థకమును గైకొంటిమి. "కురుస్తూ, తడుపుతూ" అనుట పిల్లల నోట సహజముగా పలుకును.

వెంటనే కవిత వ్రాయుమనరాదు. ముందు పదములను సేకరింపవలెను. కాగితము నడుమ నిలువుగా గీత గీయించి, ఒక వైపు "ఎండ", రెండవ వైపు "వాన" అని వ్రాయించితిని. ఏమి కనబడును? ఏమి వినబడును? తాకిన నెట్లుండును? అది యేమి చేయును? ఈ ప్రశ్నలకు తోచిన మాటలన్నియు వరుస చూడక వ్రాయవలెను. తెలుగుమాట దొరకని చోట తమిళపుమాట వ్రాసి క్రింద గీత పెట్టవలెను. ఇంటికి పోయి పెద్దల నడిగి తెలుగుమాట తేవలెను.

మఱుసటి ఆదివారము ఒక బాలిక "ముసురు" అను మాటతో వచ్చినది. రోజంతయు విడువక పడు సన్నని వాన నేమందురని అడుగగా ఆమె అమ్మమ్మ చెప్పినదట. ఆ మాట తరగతిలో మఱెవరికిని తెలియదు. ఆ యింటిలో మాత్రము అది ఇన్నేండ్లు అమ్మమ్మ యొద్దనే యుండినది, అడిగినవారు లేరు.

అటుపిమ్మట పదములను పేర్లు, గుణములు, పనులు అని మూడు బుట్టలుగా వేఱుచేసితిమి. చిత్తుప్రతిలో ఒక బాలుడు ఎండను "వెచ్చని" యనెను. "మధ్యాహ్నము చెప్పులు లేక నడిచినచో వెచ్చగా నుండునా?" అని యడిగితిని. వాడు నవ్వి, "చుర్రుమంటుంది" అనెను. ఆ మాటయే నిలిచినది. మఱియొకడు "గొడుగు" ఎండకా, వానకా యని సందేహించెను. రెండింటికిని కావున అది నాలుగవ పంక్తి నడుమ నుండవలెనని పిల్లలే తీర్మానించిరి. ఒక వస్తువునుండి మఱియొకదానికి కవిత మలుపు తిరుగునది అచ్చటనే. అందఱును కలసి వ్రాసినది ఇది. పిల్లల మాటను పిల్లల మాటగానే యుంచితిమి.

ఎండ
తెల్లని, చుర్రుమనే
మండుతూ, మాడుస్తూ, ఎండబెడుతూ
దాహం, గొడుగు, ముసురు, బురద
కురుస్తూ, తడుపుతూ, పారుతూ
చల్లని, నల్లని
వాన

ఇది మహాకావ్యము కాదు. అయినను అయిదు వాక్యములు వ్రాయలేని పిల్లలు 16 పదములు ఏరి, తూచి, ఒకదానిని కొట్టివేసి మఱియొకటి పెట్టిరి. వ్రాయుట యనగా ఇదియే కదా!

తరువాత ఎవరికి వారే జంటను ఎన్నుకొనుడంటిని. ముసురు తెచ్చిన బాలిక "ఇల్లు – బడి" అని యెన్నుకొనినది. నాలుగవ పంక్తిలో ఆమె వ్రాసిన నాలుగు పేర్లు: అమ్మమ్మ, తెలుగు, తమిళం, స్నేహితురాలు. నేను ఒక్క మాటయు దిద్దలేదు. మనము పెద్దలము సభలలో ఎంతో సేపు చెప్పు సంగతిని ఆ పిల్ల నాలుగు మాటలలో చెప్పినది. రెండు భాషలును ఆమెవే. ఒకదానికొకటి ప్రతియైనను శత్రువులు కావు. ఒకే వజ్రమున ఇరుప్రక్కల నున్నవి. కాని ఆ వజ్రమున తెలుగుప్రక్కను పూరించు భారము ఇంటివారిది.

1956లో మన రాజ్యాంగమునకు చేసిన ఏడవ సవరణవలన 350-ఎ అధికరణము చేరినది. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషయందు బోధనావసతి కల్పింప రాష్ట్రములు యత్నింపవలెనని అది చెప్పుచున్నది. ఆ హక్కును మనము అడుగుచునే యుండవలెను. కాని బడిలో వసతి కలుగువఱకు అమ్మమ్మ మాట ఆగి యుండదు. అడుగకున్నచో ఆమెతోడనే పోవును.

కావున మీకు నా విన్నపము ఒక్కటే. ఈ వారము మీ యింట ఒక కాగితము తీసి నడుమ గీత గీయుడు. జంటను పిల్లలనే యెన్నుకొననిండు. తప్పులు వెంటనే దిద్దకుడు. తెలియని మాటకు ఇంటిలోని పెద్దల యొద్దకు పంపుడు. పూర్తియైన కవితను పిల్లలచేతనే వారికి చదివి వినిపింపజేయుడు.