మన వడ్డీ వాపసు, ఇంటాయన పాత బాకీ

లెక్కలు వీఓఏలు ఎట్లాగూ చదివిండ్రు. మేము ఒక్క ఖాతా సంగతి చెప్పి కూర్చుంటం.

వడ్డీ లేని రుణం ఎట్ల నడుస్తదో మీకు ఎరుకే. 2012 నుంచి ఉన్న పద్ధతి. మనం కిస్తీ వడ్డీతో సహా తప్పకుండా కడితే, ఆ వడ్డీని సర్కారు తర్వాత వాపసు ఇస్తది. మాకు వచ్చిన వాపసును తీర్మానం రాసి పంచుకున్నం. ఒక చెల్లె వాటా ఆమె ఖాతాల పడ్డది, గానీ తీయబోతే రాలే. పెనిమిటి బోరు కోసం తెచ్చిన అప్పు మొండిబాకీ అయిందని ఖాతా ఆపిండ్రు. ఉపాధి కూలి పైసలు కూడా అండ్లనే ఇరికినయి. మూడు బోర్లు వేసినా చుక్క నీళ్లు పడలే. ఆయన తాగి పోగొట్టింది కాదు, అది కూడా చెప్పాలె.

మేము నలుగురం కలిసి పోయినం. మొదటి రోజు "మీకెందుకమ్మా" అన్నరు. రెండోసారి రెండే మాటలు అడిగినం: అప్పు కాగితం మీద ఈమె సంతకం ఉన్నదా? ఖాతా ఎవరి పేరు మీద ఉన్నది? సంతకం లేదు. ఖాతా మాత్రం ఇద్దరి పేరు మీద ఉన్నది, చిక్కంతా అక్కడనే. ఒక్కరి అప్పుకు ఇద్దరి ఖాతా సొమ్ము సర్దుకునుడు కుదరదని అర్జీ రాసి ఇచ్చినం, ముద్ర వేయించుకున్నం. ముప్పై రోజులల్ల జవాబు రాకుంటే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పైసా ఖర్చు లేకుండా ఫిర్యాదు పెట్టొచ్చని కూడా అండ్ల రాసినం. అంతదాక పోలే, మూడో వారంల ఖాతా విడిచిండ్రు.

అదే ఆమె జామీను సంతకం పెట్టి ఉంటే మేము ఏం చేయలేకపోదుము. జామీనుదారు అప్పు తీసుకున్నోళ్లతో సమానం, బ్యాంకు ఆమెను కూడా అడుగుతది. "ఊకె సంతకం పెట్టు" అంటే పెట్టేటోళ్లం మనమే గదా!

సంఘం ఖాతా సంగతి వేరే. సంఘం పొదుపు ఖాతా మీద లీన్ పెట్టొద్దని రిజర్వు బ్యాంకు మాట ఉన్నది. సభ్యురాలి ఇంటోళ్లు బాకీ పడ్డా, సంఘం బాకీ లేకుంటే సంఘానికి అప్పు మామూలుగా ఆపొద్దు. కానీ బ్యాంకుకు బాకీ ఉన్న సభ్యురాలికి ఆ అప్పుల నుంచి ఇయ్యొద్దు. ఇది మనకు చేదుగనే ఉంటది.

అమెరికాల కూడా ఇసువంటి తిప్పలే ఉన్నదట. ఆలుమగలు కలిసి పన్ను లెక్క ఇస్తే, వాపసు ఆయన బాకీకి పోతుంటది. భార్య 8379 నంబరు ఫారం పెట్టి తన వాటా తెచ్చుకుంటదట.

చెల్లె ఇప్పుడు తన ఒక్క పేరు మీద ఖాతా తీసింది. కూలి కూడా అండ్లకే మార్పించుకున్నది. బోరు అప్పు అట్లనే ఉన్నది, పత్తి అమ్మినాక కొంత కడుతమంటున్నరు. మా సంఘంల పాస్‌బుక్కులన్నీ తీసి చూస్తే ఇంకో మూడు జంట ఖాతాలు తేలినయి. సోమవారం వాటిని పట్టుకొని పోతున్నం.