దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకుందాం



విత్తనాల గురించో, ఎరువుల గురించో చెబుతానని మీరు రేడియో దగ్గర కూర్చుని ఉంటారు. ఇవాళ ఆ రెండూ కాదు. మన తరువాత మన పొలమూ, మన డబ్బూ మనవాళ్లకు తగాదా లేకుండా ఎట్లా చేరాలి అనేదే నేటి సంగతి. దీపం వేళ చావు మాటేమిటని విసుక్కోకండి. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని చెప్పింది మన పెద్దలే గదా.

నేను హైదరాబాదు బర్కత్‌పురలో కాపురముంటున్నాను. అక్కడ చమన్ దగ్గర భవిష్యనిధి కార్యాలయం, అంటే పీఎఫ్ ఆఫీసు ఉన్నది. మా పల్లెలవారు ఆ ఆఫీసు పని మీద వస్తే ఒక పూట మా ఇంట్లో దిగుతారు. ఆ మధ్య ఒక పెద్దాయన కోడలిని వెంటబెట్టుకుని వచ్చాడు. పెద్దకొడుకు కంపెనీలో పనిచేస్తూ ఆకస్మికంగా కాలం చేశాడు. ఉద్యోగంలో చేరిననాడు కొడుకు నామినేషన్ కాగితంలో తల్లి పేరు రాశాడు. తరువాత పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, ఆ తల్లీ కన్నుమూసింది. కాగితం మాత్రం మారలేదు. పెళ్లయిన తరువాత నామినేషన్ కొత్తగా రాయాలని అతనికి ఎవరూ చెప్పలేదు. డబ్బు ఎక్కడికీ పోలేదు. 1995 నాటి పథకం కింద భార్యకు పింఛను హక్కు కూడా ఉన్నది. కాని కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కోసం, సంతకాల కోసం తిరిగేసరికి నాట్ల కాలం దాటిపోయింది.

రాత్రి భోజనాల దగ్గర పెద్దాయన, "సారూ, నేను పోతే ఈ పిల్లకు, మనవలకు దిక్కెవరు? భూమి ఇంకా మా నాయన పేరు మీదనే ఉన్నది" అన్నాడు. కోడలు తల వంచుకుని కూర్చున్నది. ఆనాడు ఆయనకు చెప్పిన సంగతులే ఈనాడు మీకూ మనవి చేస్తున్నాను.

మొదటిది, చట్టం ఏమంటుంది? 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా పోయిన తండ్రి స్వార్జితంలో కొడుకులు, కూతుళ్లు, భార్య, తల్లి సమాన వాటాదారులు. తండ్రి కంటే ముందే కొడుకు పోతే, ఆ కొడుకు వాటా అతని భార్యాపిల్లలకు వస్తుంది. కనుక మన పెద్దాయన కోడలు దిక్కులేనిది కాదు. ఇక పిత్రార్జితం మాట. పెళ్లికాని ఆడపిల్లలకు అందులో జన్మహక్కు మన రాష్ట్రంలో 1985లోనే వచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా కూతుళ్లందరికీ, పెళ్లయినవారికి కూడా, ఆ హక్కు కలిగింది. ఆ తేదీనాటికి తండ్రి బతికి ఉండనక్కరలేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరయిన పంపకాలను తిరగతోడరు. "కట్నమిచ్చినం, ఇంకేం వాటా?" అనే మాట చట్టం ముందు చెల్లదు.

రెండవది, తాతల పేరిట ఉన్న భూమి. ముందు విరాసత్ చేయించుకుని పాసుపుస్తకం సరిచేసుకోవాలి. ఇందులో పెద్దాయన చెల్లెలికీ వాటా ఉన్నది. ఆమె మనస్ఫూర్తిగా వద్దనుకుంటే హక్కు విడుదల పత్రం రాసి రిజిస్టరు చేయాలి. గడపలో నిలబడి "నాకొద్దులే అన్నా" అన్న మాట రేపు ఆమె పిల్లలను కట్టివేయదు.

మూడవది, వీలునామా. స్వార్జితానికీ, పిత్రార్జితంలో తన వాటాకూ రాయవచ్చు. ఇతరుల వాటా మీద రాసే అధికారం లేదు. స్టాంపు కాగితం అక్కరలేదు. సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు, హద్దులు విడమరచి రాయండి. ఇద్దరు సాక్షులు మీరు సంతకం పెట్టడం చూసి, మీ ఎదుటే సంతకాలు చేయాలి. ఆస్తి పొందేవారిని సాక్షిగా పెట్టకపోవడం మేలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గాని, చేయిస్తే తగాదా తగ్గుతుంది. మనసు మారితే ఎన్నిసార్లయినా మార్చవచ్చు, చివరిదే చెల్లుతుంది. ముస్లిం సోదరుల విషయంలో మిగతా వారసుల సమ్మతి లేకుండా మూడో వంతుకు మించి వీలునామా చెల్లదు.

నాలుగవది, తొందరపడి ఉన్నదంతా ముందే రాసి ఇచ్చేయకండి. వీలునామా మీ తరువాతనే అమలవుతుంది. దాన సెటిల్‌మెంటు చేస్తే భూమి వెంటనే చేయి దాటుతుంది. "చిన్నోని పేర పెడత, వాడే అందరినీ చూస్తడు" అన్నాడు పెద్దాయన. చూస్తే సంతోషమే. కాని ఇవ్వక తప్పదనుకుంటే, తల్లిదండ్రులను పోషించాలనే షరతు ఆ దస్తావేజులోనే రాయించండి. అట్లా రాసి ఉండి పోషించకపోతే, 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం 23వ సెక్షను కింద ఆ దానాన్ని రద్దు చేయమని ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌ను అడగవచ్చు. అన్నిటికంటే క్షేమం, ఇద్దరూ బతికున్నన్నాళ్లు కొంత భూమి తమ పేరనే ఉంచుకోవడం.

ఐదవది, నామినీలు. 2018లో మొదలైన రైతు బీమా కాగితాలు నింపేటప్పుడు, చనిపోయిన తల్లి పేరే నామినీగా ఉన్నవి నేనెన్నో చూశాను. బ్యాంకు, పీఎఫ్, బీమా, ఈ మూడింటిలో ఎవరి పేరున్నదో ఏడాదికొకసారి చూసుకోండి. బ్యాంకు పొదుపులో నామినీ డబ్బు అందుకునే మనిషి మాత్రమే. దాని హక్కుదారెవరో వీలునామా గాని, వారసత్వ చట్టం గాని తేలుస్తుంది.

పెద్దాయన ఊరికి పోయి చెల్లెలిని, కూతురిని, చిన్నకొడుకును, కోడలిని ఒకచోట కూర్చోబెట్టాడట. రెండు పూటలు మాటామాటా అనుకున్నారు. చివరకు కోడలి వాటా ఏ చెలకలో అన్నది తేలింది. కాగితం రాయడం మొదలయింది. ఆ రెండు పూటల తగువు ఆయన ఎదుట జరిగింది గనుక తీరింది. ఆయన వెనుక జరిగితే కోర్టులో ఎన్నేళ్లు నానేదో!

వచ్చే ఆదివారం ట్రంకుపెట్టె దించండి. పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం, బీమా కాగితం, అప్పుల చిట్టా ఒకచోట పెట్టి, అవి ఎక్కడున్నవో ఇంటి ఆడవారికి కూడా చెప్పండి. వీలునామా రాయడానికి తెలిసిన వకీలు సలహా తీసుకోండి. చెట్టు నాటేనాడే నీడ ఎవరిదో అనుకుంటాం గదా. భూమి సంగతీ అంతే.