కంట్రోలు బియ్యము, స్టెర్లింగు నిలువలు



మన పద్మారావు నగరపు స్కందగిరి ఆలయమునుండి చిలకలగూడ వైపు సంచి చేతబట్టుకొని పోవుచున్న ఏ వృద్ధురాలినైనను నిలిపి, ఎచటికమ్మా పయనమని అడిగినచో, సర్కారు రేషను దుకాణమునకు పెట్టిన పేరు ఆమె నోట రాదు; "కంట్రోలు బియ్యానికి బిడ్డా" అనును. ధాన్యపు ధరను, పంపకమును సర్కారు అదుపున పెట్టుటను తెలుపు ఆ కంట్రోలు అను మాట రెండవ ప్రపంచయుద్ధమునాటిది. ఫిరంగులు చల్లారి తరములు గడచినను, యుద్ధము విడిచిపోయిన ఆ యొక్క మాట మన బియ్యపుడబ్బాలో నిలిచిపోయినది. నేటి నా ప్రసంగమునకు ఆ మాటయే ప్రాతిపదిక. 1939–45 నడుమ భారతదేశమునకు ప్రపంచసభలో ఒక పీట దొరకినది. ఆ పీటకు వెల చెల్లించినది వంటయిల్లు. ఆ చెల్లింపునకు మన చరిత్రగ్రంథములలో తగినంత చోటు దొరకలేదని నా ఆవేదన.

1939 సెప్టెంబరు 3వ తేదీన వైస్రాయి లిన్లిత్‌గో, ఈ దేశపు ప్రజాప్రతినిధులను సంప్రదింపకయే, భారతదేశము యుద్ధమున దిగినదని ప్రకటించెను. బ్రిటిషు రాష్ట్రములలోని కాంగ్రెసు మంత్రివర్గములు రాజీనామా చేసినవి. నైజాము సంస్థానమున అట్టి మంత్రివర్గమే లేదు. దండు కొఱకే పుట్టి, 1806లో సికందర్ జా పేరు దాల్చిన మన సికింద్రాబాదునకు సైనికులు కొత్త కాదు. వాకర్ టౌన్ అని నేటికిని చిరునామాలలో వ్రాయబడుచున్న ఈ పద్మారావు నగరమువారికి తిరుమలగిరి, బొల్లారముల దండు రాకపోకలు నిత్యదృశ్యములే. మొదటి ప్రపంచయుద్ధమున సంస్థానపు అశ్వికులు పాలస్తీనా దాకా పోయి పోరాడిరి. ఆ వార్తలు దూరదేశపు వార్తలుగానే వచ్చినవి. ఈ పర్యాయము యుద్ధము మన అన్నము వచ్చు దారిమీదనే వచ్చి కూర్చున్నది.

ఆ దారి రంగూనునుండి వచ్చునది. ఏటా సుమారు 15 లక్షల టన్నుల బియ్యము బర్మానుండి భారతదేశపు రేవులలో దిగుచుండెను. 1941 డిసెంబరు 23న జపాను విమానములు రంగూనుపై బాంబులు కురిపించినవి. 1942 మార్చిలో నగరము పడిపోయినది. గోదావరి, విశాఖ తీరములనుండి రేవుకూలీలుగా, మిల్లుకూలీలుగా వలసపోయి, కోరంగి రేవు పేరిట అక్కడివారిచేత కొరంగీలని పిలువబడిన మన తెలుగువారు, ఓడలో చోటు దొరకినవారు ఓడలమీదను, దొరకనివారు అరకాను కొండలను, మణిపురపు అడవులను దాటి కాలినడకను స్వదేశమునకు బయలుదేరిరి. బర్మా విడిచిన నాలుగు లక్షలకు పైబడిన భారతీయులలో వేలకు వేలు కలరాకును, మలేరియాకును, ఆకలికిని దారిలోనే బలియైరి. చంటిబిడ్డలను చెట్టు మొదట విడిచి నడచిన తల్లులెందరో! వారి జ్ఞాపకార్థము నిలిపిన రాయిని మన తీరమున ఎచ్చటను నేను చూచియుండలేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణము, కాకినాడలమీద బాంబులు పడినప్పుడు తీరపు పట్టణములలోని కుటుంబములు మూటాముల్లె కట్టుకొని లోనాటి పల్లెలకు తరలినవి. 

వంటయింటికి తగిలిన దెబ్బలో బర్మా బియ్యపు కొఱత ఒక పాలు మాత్రమే. తక్కిన పాలు నోట్ల రూపమున వచ్చినది. బ్రిటిషు ప్రభుత్వము యుద్ధమునకై ఈ దేశమున ధాన్యము, బట్ట, తోలు, కలప కొని, ఆ సొమ్మును లండనులో భారతదేశపు ఖాతాకు స్టెర్లింగులో, అనగా బ్రిటిషు పౌనులలో, వ్రాయుచుండెను. ఆ వ్రాతను ఆధారము చేసికొని రిజర్వు బ్యాంకు ఇక్కడ నోట్లచ్చు వేయుచుండెను. పొరుగింటివాడు మన గాదెలోని వడ్లు కొలిపించుకొని పోయి, పైకము తన పెట్టెలోనే మన పేర దాచి, మన చేతికి చీటీ యిచ్చినట్లు! 1939లో సుమారు 180 కోట్ల రూపాయలుగానుండిన నోట్ల చలామణి 1945 నాటికి 1,100 కోట్లు దాటినది. గాదె తఱిగినది, చీటీలు పెరిగినవి. దండుకు సరకులందించిన గుత్తేదారు బాగుపడెను; నెలజీతపు గుమాస్తా, దినకూలి చితికిపోయిరి. 1943లో వంగదేశమున ముప్పది లక్షల మంది ఆకలిచావు చచ్చిరన్న లెక్కను తలచుకొన్నప్పుడు ఈ చీటీల కథ నాకు అర్థశాస్త్రముగా తోపదు.

నైజాము రాజ్యమున ఆ భారము లెవీ రూపమున పల్లెకు దిగినది. పండినదానిలో ఇంత భాగము సర్కారు నిర్ణయించిన ధరకు కొలువవలెనని ఉత్తరువు. పెద్ద దేశముఖులు తప్పించుకొనగా, ఆ కొఱత చిన్న రైతు కల్లముమీద పడుచుండెను. తరములుగా ఉన్న వెట్టికి లెవీ తోడైనది. యూరపున శాంతి నెలకొన్న యేడాదికి, 1946 జూలై 4న, కడవెండిలో దేశముఖు మనుషుల తుపాకిగుండుకు దొడ్డి కొమరయ్య నేలకొరగెను. తెలంగాణ రైతాంగ పోరాటపు చరిత్రను లెవీ ధాన్యమునుండి విడదీసి చదువరాదని నేను దృఢముగా నమ్ముచున్నాను.

ఇక లోకమున మన దేశపు స్థితి. ఇరువదియైదు లక్షల మంది స్వచ్ఛంద సైనికులను పంపిన దేశమును ఏ సభయు తోసిపుచ్చజాలదయ్యెను. 1945 జూన్ 26న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్యసమితి శాసనపత్రముపై, ఇంకను పరతంత్రమైయున్న భారతదేశము పక్షమున చేవ్రాలు చేసిన ఆర్కాటు రామస్వామి మొదలియారు మన కర్నూలున జన్మించినవారు. మరుసటి యేట సమితియొక్క ఆర్థిక సామాజిక మండలికి ఆయనయే తొలి అధ్యక్షుడు. తనను తాను పాలించుకొనజాలని జాతి ప్రపంచపాలనకు నియమములు వ్రాయుట ఎంతటి వింత! బ్రిటనుకు అప్పుపడిన దేశము యుద్ధాంతమునకు దానికే అప్పిచ్చినదైనది. ఆ స్టెర్లింగు నిలువలు సుమారు 1,700 కోట్ల రూపాయలు. వాని సంగతి తేల్చవలెనని 1944 నాటి అంతర్జాతీయ ద్రవ్యసభలో, బ్రెటన్‌వుడ్స్‌లో మన ప్రతినిధులు పట్టుబట్టిరి. వారిలో రిజర్వు బ్యాంకు తొలి భారతీయ గవర్నరు చింతామణి దేశ్‌ముఖ్ ఒకరు.  ఆ ప్రతినిధుల కోరిక నెరవేరలేదు, సొమ్ము విడతలు విడతలుగా వచ్చెను. 1949 సెప్టెంబరులో పౌను విలువ 4.03 డాలర్లనుండి 2.80కి పడినప్పుడు, చెల్లింపబడక మిగిలిన అప్పు డాలరు లెక్కన అంతమేర కరిగినది.

మా నాయనమ్మకు స్టెర్లింగు అను మాట తెలియదు. కంట్రోలు కాలమున ఆమె, పూట పూటకును ఎసటిలో పోయుటకు కొలిచిన బియ్యములోనుండి ఒక గుప్పెడు వెనుకకు తీసి వేఱొక కుండలో వేయుట అలవాటు చేసికొన్నది. ఆ గుప్పెడు ఎవరి కంచమునుండి తీసినదో మాకు ఏనాడును చెప్పలేదు. గాదెలు నిండిన దినములలోను ఆ అలవాటు మానలేదు. ఆమె పోయిన పదునొకండవ నాడు అటకమీదినుండి దించిన ఆ కుండలో నాలుగు సోలల బియ్యముండెను.