కేసు షీటు అడిగి తీసుకోండి

మన ఊరు చిలమకూరులో ఎవరికైనా జ్వరం ముదిరితే ఎర్రగుంట్లకో ప్రొద్దుటూరుకో ఆటోలో పరుగెత్తుతాం. అక్కడ వైద్యం వికటించి మనిషి పోతే, ఇంటిల్లిపాదికీ డాక్టర్లంటేనే నమ్మకం చచ్చిపోతుంది. ఆ బాధను తప్పు పట్టలేం.

ఇలాగే 2002లో హైదరాబాదులో ఒకాయన చలిజ్వరంతో ఉన్న భార్యను ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. ఆయన మలేరియా విభాగంలోనే అధికారి. విడాల్ పరీక్షలో టైఫాయిడ్ లేదని వచ్చినా, టైఫాయిడ్ మందులే వాడారు. పరిస్థితి విషమించాక వేరే ఆసుపత్రికి మార్చారు. ఆమె దక్కలేదు. మరణ ధ్రువపత్రంలో మలేరియా అని ఉంది. ఆయన వినియోగదారుల ఫోరం మెట్లెక్కి, సుప్రీంకోర్టు దాకా పోరాడారు. 2010లో 2 లక్షల రూపాయల పరిహారం ఖాయమైంది. ప్రాణానికి అదేం విలువ? కానీ ఇలాంటి ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని కోర్టు తేల్చింది. సామాన్యుడికి అది పెద్ద ఊరట.

మీకూ వైద్యంపై అనుమానం ఉంటే ఆసుపత్రిని కేసు షీటు, పరీక్షల కాగితాల నకళ్ళు రాతపూర్వకంగా అడగండి. 72 గంటల్లో ఇవ్వాలన్నది వైద్య మండలి నియమం. డబ్బు తీసుకుని చేసిన వైద్యంలో నిర్లక్ష్యం జరిగితే, రెండేళ్ళలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. అంతేగాని, ఆ కోపంతో రేపటి జ్వరాన్ని నాటువైద్యానికి వదిలేయకండి. మరో డాక్టరుకు చూపించండి.