చిత్రమూలం వేరు: మందా? విషమా?



చిత్రమూలం చాలామంది పెద్దవాళ్లకు తెలిసిన చెట్టే. కంచెల పక్కన, గుట్టల నీడన పెరుగుతుంది. తెల్లపూలు పూస్తుంది. పువ్వు అడుగున జిగురు ఉంటుంది. ముట్టుకుంటే చేతికి అంటుతుంది. మూలం అంటే వేరు. ఈ చెట్టు బలమంతా వేరులోనే ఉంది.

సంస్కృతంలో నిప్పుకు ఉన్న పేర్లే దీనికీ పెట్టారు. ఎందుకని? పచ్చి వేరు నూరి తోలు మీద పెడితే కాలినట్టు బొబ్బలు వస్తాయి. ఈ వేరులో ప్లంబాజిన్ అనే పసుపుపచ్చ పదార్థం ఉంది. ఆ మంట దానిదే.

మరి ఇది మందు కాదా? మందే. ఆకలి పుట్టడానికి, తిన్నది అరగడానికి ఆయుర్వేదంలో వాడతారు. చిత్రకాది వటి అనే గోలీలో ఈ వేరు ఉంటుంది. కానీ వైద్యులు పచ్చి వేరు ఇవ్వరు. సున్నపు తేటలో నానబెట్టి, కడిగి, ఎండబెట్టి శుద్ధి చేస్తారు. అప్పుడు ఘాటు తగ్గుతుంది. అయినా కొంచెమే ఇస్తారు. గర్భిణికి ఇవ్వరు. ఇది ఇంట్లో చేసుకునే మందు కాదు.

ప్లంబాజిన్ కొన్ని క్యాన్సర్ కణాలను చంపుతుందని ప్రయోగశాలల్లో చూశారు. కానీ గాజు గిన్నెలో పని చేసిందల్లా మనిషి ఒంట్లో పని చెయ్యదు. క్యాన్సర్‌కు మందుగా అది ఇంకా రుజువు కాలేదు. ఈ వేరు సారం ఇచ్చిన ఎలుకలకు మాత్రం గర్భం పోయింది.

అసలు ముప్పు ఇక్కడే ఉంది. నెల తప్పిన ఆడదానికి కొందరు ఈ వేరు మింగిస్తారు. కొందరు వేరు పుల్లను లోపల పెడతారు. గుట్టుగా కడుపు పోతుందని ఆశ. కానీ లోపల పుండు పడుతుంది. గర్భసంచికి చిల్లి పడవచ్చు. చీము పడుతుంది. నెత్తురు ఆగదు. ప్రాణమే పోవచ్చు. బతికినా మళ్లీ పిల్లలు పుట్టకపోవచ్చు.

తెలిసి తెలిసి ఎందుకు చేస్తారు? సిగ్గు, భయం, ఖర్చు. మగని సంతకం కావాలేమో అనే అనుమానం. కానీ చట్టం అలా లేదు. 1971లో గర్భస్రావ చట్టం వచ్చింది. 2021లో దాన్ని మార్చారు. చట్టం చెప్పిన కారణాలుంటే 20 వారాల వరకు ఒక డాక్టరు ఒప్పుకుంటే చాలు. కొందరు స్త్రీలకు 24 వారాల వరకు వీలుంది. అప్పుడు ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి. 18 ఏళ్లు నిండిన స్త్రీకి తన సంతకం చాలు. మగని సంతకం అక్కరలేదు. పెండ్లి కాని స్త్రీకీ చట్టం వర్తిస్తుంది. ఆమె పేరు బయటపెట్టకూడదు.

కాబట్టి నెల తప్పితే ఆలస్యం చెయ్యవద్దు. ఆశా అక్కను, నర్సమ్మను అడగండి. జనగామలో పెద్ద సర్కారు దవాఖాన ఉంది.

ఎవరైనా ఇప్పటికే వేరు వాడారా? నెత్తురు ఎక్కువ పోతోందా? చలిజ్వరం, పొత్తికడుపు నొప్పి ఉన్నాయా? వెంటనే 108కు ఫోన్ చెయ్యండి. వేరు సంగతి డాక్టరు దగ్గర దాచవద్దు. నిజం చెబితేనే సరైన వైద్యం అందుతుంది.

ఇప్పుడు మీకు చదువు వచ్చింది. దవాఖానలో ఇచ్చిన కాగితం చదవండి. తెలియనిది అడగండి. ఆ తరువాతే సంతకం పెట్టండి.

చర్చించండి:
1. పచ్చి వేరుకూ, శుద్ధి చేసిన వేరుకూ తేడా ఏమిటి?
2. కడుపు పోవడానికి వేరు వాడితే ఏమవుతుంది?
3. మగని సంతకం కావాలని ఎవరైనా అంటే ఏం చెబుతారు?