తాళంచెవి ఆమె చేతికే
(వార్షిక మహాసభలో సామాజిక కార్యాచరణ కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి లెక్కలు ఇందాక విన్నారు. మేము చెప్పేది ఇంకో లెక్క. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లు పదిమందిని తీసుకుంటే సుమారు ముగ్గురు భర్త చేతిలో హింస చవిచూసినవాళ్లే. మన సంఘంలో ఉండేదీ పదిమందే. చాప మీద మన పక్కన కూర్చుని తీర్మానం పుస్తకంలో సంతకం పెట్టేవాళ్లలోనే ఆ ముగ్గురు ఉన్నారని అనుకోండి.

"ఎందుకమ్మా ఇంతకాలం పడి ఉన్నావు?" అని అడగడం సులభం. "బయటికొస్తే యాడికి పోవాల?" అని ఆమె ఎదురడిగితే ధైర్యం చెప్పే మాటలు సరిపోవు. పుట్టింట్లో నాలుగు రోజులు బాగానే చూస్తారు. ఐదో రోజు నుంచి వదిన ముఖం, ఇరుగుపొరుగు మాట, అన్నదమ్ముల అప్పులు అన్నీ గుర్తుకొస్తాయి. అందుకే దెబ్బలు తిన్న ఇంటికే తిరిగిపోతుంది. ఆమెకు ముందుగా కావాల్సింది ఒక గది.

చట్టం ఏమంటుందో కూడా గుర్తు పెట్టుకుందాం. గృహహింస నుంచి మహిళలకు రక్షణ చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. ఇల్లు ఎవరి పేరున ఉన్నా, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఆమెకు ఉంది. ఆ ఇల్లు అత్తమామలదైనా ఆ హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అవసరమైతే వేరే ఇల్లు చూపమని, లేదా దాని బాడుగ కట్టమని మేజిస్ట్రేటు భర్తను ఆదేశించవచ్చు. దరఖాస్తును 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని కూడా చట్టంలో ఉంది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు.

మరి ఆ ఉత్తర్వు చేతికొచ్చేదాకా? 181కి ఫోన్ చేస్తే సఖి కేంద్రం ఆదుకుంటుంది. అక్కడ ఉండనిచ్చేది మామూలుగా 5 రోజులు. ఆ తర్వాత శక్తి సదన్ లాంటి వసతి గృహాలు ఉన్నాయి. అయితే అవి ఊరికి దూరం, ఎదిగిన మగపిల్లలను తల్లితో ఉంచుకోరు. పన్నెండు, పదమూడేళ్ల కొడుకును తాగుబోతు తండ్రి దగ్గర వదిలి ఏ తల్లి పోతుంది? బడి, కూలి, కోర్టు వాయిదా అన్నీ చూసుకోవాలంటే మూడు నాలుగు నెలలు నిలకడగా ఉండే చోటు కావాల. ఆ చోటు చూపగలిగేది ఇక్కడ వ్యాపారం చేసుకునేవాళ్లే.

మన అహోబిలం గదులు ఉన్న ఊరు. శనివారాల్లో, స్వాతి నక్షత్రం రోజున, ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలప్పుడు ఇక్కడ గది దొరకదు. మిగతా రోజుల్లో ఎన్నో గదులకు తాళాలు వేసి ఉంటాయి. ఆళ్లగడ్డలో, నంద్యాలలో కూడా మేడ మీద ఒంటి గదులు, అంగడి వెనక గదులు ఉన్నాయి. వాటి యజమానులను మేము నాలుగు మాటలు అడుగుతున్నాం.

ఒకటి. గది ఊరికే ఇవ్వొద్దు, బాడుగకు ఇవ్వండి. తగ్గించి ఇవ్వండి, అడ్వాన్సు వదిలేయండి, రసీదు మాత్రం ఆమె పేరునే రాయండి. ఊరికే ఇచ్చినవాళ్లకు "మీ ఆయన వచ్చి ఏడుస్తున్నాడు, సర్దుకుని పోరాదా" అని చెప్పే చనువు వస్తుంది. బాడుగ కట్టే మనిషికి ఆ మాట చెప్పలేరు. ఒకరి చెప్పుచేతల్లోంచి బయటపడిన మనిషి ఇంకొకరి దయ కింద బతకకూడదు. తాళంచెవి ఆమె చేతిలోనే ఉండాల.

రెండు. ఉత్సవాలు వచ్చాయని, యాత్రికులు ఎక్కువ ఇస్తారని ఆమెను ఖాళీ చేయించొద్దు. ఒప్పుకున్న నెలలు నిండేదాకా ఆ గది ఆమెదే.

మూడు. ఫలానా ఆమె మా గదిలో ఉంది అని టీ అంగట్లో కూడా అనొద్దు. ఆటోవాళ్లకూ ఇదే మనవి. చిన్న ఊళ్లో ఒక్క మాట చాలు, సాయంత్రానికి భర్త గుమ్మం ముందు ఉంటాడు. అందుకే ఏ ఊరి ఆడబిడ్డకు ఆ ఊళ్లోనే గది చూడం. సంక్రాంతి దాటాక పారువేటకు బయలుదేరిన స్వామి పల్లకి 30కి పైగా ఊళ్లు తిరుగుతుంది. పల్లకి దిగిన ప్రతి ఊరూ చోటు చూపుతుంది. అట్లాగే ఒక ఊరి ఆడబిడ్డకు ఇంకో ఊరు చోటు చూపాల.

నాలుగు. చేతనైతే పని ఇవ్వండి. భోజనశాలలో, టెంకాయల అంగట్లో, పూలు కట్టే చోట, ఆళ్లగడ్డ శిల్పశాలల్లో రాళ్లకు మెరుగు పెట్టే చోట. కూలి అందరితో సమానంగా, ఆమె చేతికే ఇవ్వండి.

"గొడవ మా మీదికి వస్తే?" అని మీరు అడుగుతారు. అడగాల్సిన మాటే. హింస జరుగుతోందని మంచి మనసుతో రక్షణాధికారికి తెలిపినవారి మీద కేసు పెట్టడానికి వీల్లేదని ఆ చట్టమే చెబుతోంది. రక్షణ ఉత్తర్వును మీరిన భర్తకు ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ఎవరైనా వచ్చి తలుపు కొడితే మీరు వాదనకు దిగొద్దు, 112కు ఫోన్ చేయండి.

ఇక మన వంతు. మొదటి మూడు నెలల బాడుగకు హామీగా గ్రామ సంఘం సంతకం పెట్టాల. బియ్యం, గ్యాసు పొయ్యి, రెండు దుప్పట్లు సామాజిక నిధి నుంచి చూడాల. వాయిదా రోజున మనలో ఒకరు ఆమె వెంట కోర్టుకు పోవాల. ఊరు మారిందని పొదుపు ఖాతా ఆపకూడదు. ఆమె కంతు కట్టలేదని సంఘంలో నిలదీయకూడదు, గడువు పెంచుతూ తీర్మానం రాసుకోవాల.

వ్యాపారస్తులు ఇట్లాంటి పనికి ముందుకు రావడం తెలుగునాట కొత్త కాదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం పంతులు గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆయనకు డబ్బు సాయం చేసి అండగా నిలిచింది కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య గారు. ఊరు వెలేసి పనివాళ్లు మానుకుంటే పంతులు గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తానే నీళ్లు మోసి, వంట చేసి, ఇంటికి చేరిన ఆడపిల్లలను చూసుకున్నారు. ఒకరి సొమ్ము, ఒకరి శ్రమ కలిస్తేనే ఆ పని నిలిచింది. ఇప్పుడు మనకూ ఆ రెండూ కావాల.

ఈ మధ్యాహ్నం భోజనాల తర్వాత ప్రతి గ్రామ సంఘం ఇద్దరు నమ్మకస్తుల పేర్లు మాకు చెప్పాలని కోరుతున్నాం. గది ఇచ్చేవారు ఒకరు, పని ఇచ్చేవారు ఒకరు. ఆ పేర్లు గోడ మీద రాయం, ఎక్కడా అచ్చు వేయం, కమిటీ పుస్తకంలోనే ఉంటాయి. ఈసారి "యాడికి పోవాల?" అని ఒక చెల్లెలు అడిగిన రాత్రి, ఏ తలుపు తట్టాలో మనకు ముందే తెలిసి ఉండాల.